నాలుగో అంతస్తు తలుపు

ఓర్వలేనితనానికి మందంటూ ఉంటే, వీధి వీధంతా "ఫారినాయన" అని పిలిచే ఆ పెద్దమనిషి విమానం దిగిన రోజే ఓ సీసా కొనుక్కుని తాగవలసింది. ఏడేళ్ళ తర్వాత మళ్ళీ సెలవు మీద సొంత దేశంలో అడుగు పెట్టాడు. సంతోషించాలి. దిగిన పావుగంటకే కడుపులో మంట మొదలైంది. ఎందుకయ్యా అంటే, విమానాశ్రయంలో ఉద్యోగి అతని పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి, "మంచిదండీ, వెళ్ళిరండి" అన్నాడు. అంతే. "మాకేం తెచ్చారు?" అనలేదు. పెట్టెలు విప్పలేదు. సెంటు సీసాల వంక చూడనైనా చూడలేదు. అడుగుతాడని చొక్కా జేబులో మడిచి పెట్టుకున్న నోటు అలాగే ఉండిపోయింది.

ఇంకొకరైతే నోటు మిగిలిందని సంబరపడేవారు. ఇతనికి అది నష్టమే. ఇరవై మూడేళ్ళుగా పరాయి దేశంలో, మధ్యాహ్నం తోటి మెకానిక్కులతో కూర్చుని నాలుగు ముద్దలు తినేటప్పుడు అతను చెప్పే కథ ఒక్కటే. "మా దేశం బాగుపడదు. అక్కడ గాలి పీల్చాలన్నా ఎవడిదో చెయ్యి తడపాలి. అందుకే వచ్చేశాను." నలుగురికీ కలిపి ఒకే గది, మంచం మీద మంచం, పై మంచం తనది, లేచి కూర్చుంటే తల కప్పుకి కొట్టుకునేది. ఇవన్నీ ఓర్చుకోవడానికి ఆ ఒక్క మాటే ఊతకర్ర. దేశం చెడ్డది గనక వచ్చేశాను. ఇప్పుడా దేశం తన అనుమతి లేకుండా బాగుపడితే, తను వెళ్ళింది ఎందుకోసమైనట్టు?

అంతకన్నా పెద్ద మంట బావ.

బావంటే అక్క మొగుడు. ఆ పెళ్ళికి ముందునుంచే ఇద్దరూ ఒకే మేస్త్రి దగ్గర లిఫ్టుల పని నేర్చుకున్నవాళ్ళు. ఒకే నిచ్చెన, ఒకే గ్రీజు డబ్బా, వాన వస్తే ఒకే గొడుగు. ఆ రోజుల్లో అక్కావాళ్ళది ఒంటి గది. ఆరిళ్ళకి ఒక కుళాయి. తెల్లారకముందే బిందెలు వరసలో పెట్టకపోతే ఆ పూటకి నీళ్ళు లేనట్టే. అలాంటి రోజుల్లో, పై దేశం కంపెనీకి లిఫ్టు మెకానిక్కు ఒక్కడు కావాలని కబురొచ్చింది. ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. వెళ్ళింది ఇతను. తన పనితనం చూసి ఎంచుకున్నారని ఊరంతా చెప్పాడు. ఏజెంటు దగ్గరి గుమస్తా చేతిలో తనేం పెట్టాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు. బావ స్టేషన్ దాకా వచ్చి, పెట్టె నెత్తిన పెట్టుకుని మోసి, రైలెక్కించి వెళ్ళాడు.

ఆ పెట్టె మోసినవాడు ఇప్పుడు ప్రభుత్వ లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. ముప్పై ఐదేళ్ళ వయసులో పరీక్ష రాసి పాసయ్యాడట. ఇతను ఇప్పటికీ మెకానిక్కే. సూపర్‌వైజరునని ఇంట్లో చెప్పుకున్నాడు, అది వేరే సంగతి.

వచ్చిన మొదటి రోజే బావతో కలిసి వీధి చివరిదాకా నడిచాడు. టీ కొట్టతను లేచి నిలబడ్డాడు. మందుల షాపాయన లోపలినుంచే చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. ఫారినాయన కొత్త బూట్లని ఒక్కడూ చూడలేదు. ఇంటికొచ్చి కుళాయి తిప్పితే పగలు మూడింటికి కూడా ధారగా నీళ్ళు. చేతులు కడుక్కుంటూ అతను ఆ కుళాయి వంక పగవాడిని చూసినట్టు చూశాడు.

"ఇన్‌స్పెక్టరు జీతానికి రెండంతస్తుల ఇల్లు వస్తుందా అక్కా?" అని ఊరికే అడిగినట్టు అడిగాడు.

"రాదురా. ముప్పై ఏళ్ళు కుట్టుమిషను తొక్కితే వస్తుంది. కావాలంటే నా నడుముని అడుగు, అది చెబుతుంది," అంది అక్క, మెడలో వేలాడుతున్న కొలత టేపు సర్దుకుంటూ. ఆవిడ పొద్దున లేస్తే ఆ టేపు మెడలో వేసుకుంటుంది, నిద్రపోయేముందే తీస్తుంది.

ఆ జవాబు అతనికి రుచించలేదు. ఎక్కడో బొక్క ఉండాలి. లేకపోతే ఎలా?

రెండోరోజు కరెంటాఫీసుకి వెళ్ళాడు. కొత్తగా కొన్న ఫ్లాట్‌కి మీటరు తన పేరు మీదికి మార్చుకోవాలి. కాగితాల మధ్య ఆ మిగిలిపోయిన నోటు పెట్టి, కిటికీ అవతల కూర్చున్న అమ్మాయి ముందుకి తోసి, కళ్ళతోనే సైగ చేశాడు. ఆ పిల్ల నోటు తీసి, ఎంతో మర్యాదగా వెనక్కిచ్చింది.

"బాబాయ్‌గారూ, మీ డబ్బులు కాగితాల్లో ఉండిపోయాయి. బయట ఇలా మర్చిపోకండి, ఎవరైనా తీసేసుకుంటారు."

వెనక వరసలో నిలబడ్డ ఇద్దరు కిసుక్కుమన్నారు. పది నిమిషాల్లో పనైపోయింది, రసీదు చేతికొచ్చింది. నిప్పు తొక్కిన కోతిలా బయటపడ్డాడు. ఆ అమ్మాయి లంచం తీసుకుని ఉంటే ఆశీర్వదించి వచ్చేవాడు.

ఒక్కచోట మాత్రం అతనికి ప్రాణం లేచొచ్చింది. తన ఫ్లాట్ ఉన్న కొత్త భవనం వెనకాల, ఇటుకలు మోసే కూలీల రేకుల షెడ్లు. సిమెంటు సంచులు కుట్టి తలుపులుగా కట్టుకున్నారు. ఒకావిడ మూడు రాళ్ళ పొయ్యి ఊదుతూ పొగకి కళ్ళు నులుముకుంటోంది. ఎంతో తృప్తిగా ఫోటో తీసి, అక్కడ తన గదిలోని ముగ్గురికీ పంపించాడు. "చూశారా, నేను చెప్పలా?" అని కింద రాశాడు. పంపించాక ఆవిడ తలెత్తి ఇటు చూసింది. అతను ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

ఆ పూట భోజనాల దగ్గర ఆ షెడ్ల మాట ఎత్తాడు. బావ ఒప్పుకోడు, వాదిస్తాడు, అప్పుడు కడిగేద్దామనుకున్నాడు. బావ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"నిజమేరా. కుళాయిలొచ్చాయి, రోడ్లొచ్చాయి, బల్ల కింద చేతులు చాలావరకు బల్ల మీదికొచ్చాయి. ఆ షెడ్లు మాత్రం అలాగే ఉన్నాయి. మేడలు కట్టేవాడికి గోడ లేదు. నెలకి రెండు అర్జీలు రాస్తాను. ఒక్కోసారి సిగ్గేస్తుంది."

అతను కంచం పక్కకి జరిపాడు. దేశాన్ని తిట్టడం ఇన్నాళ్ళూ తన సొత్తు. అది కూడా తనకంటే బావే బాగా చేస్తున్నాడు.

"ఏంట్రా, బామ్మర్ది బతక్కోరతాడంటారు. నువ్వు నా బతుకు కోరుతున్నావా, నా కుర్చీ కోరుతున్నావా? అలా చూస్తున్నావు?" అని నవ్వాడు బావ.

అతనూ నవ్వాడు. పళ్ళు మాత్రమే నవ్వాయి.

ఇంతకీ ఆ భవనం ఆరంతస్తులు. అతని ఫ్లాట్ నాలుగో అంతస్తులో. ఇంకా ఎవరూ చేరలేదు, ఎందుకంటే లిఫ్టుకి లైసెన్సు రాలేదు. ఆ లైసెన్సుకి తనిఖీ చెయ్యవలసింది బావ. బామ్మర్ది ఫ్లాట్ ఉన్న చోటికి నేను వెళ్ళడం బాగుండదని బావ పై అధికారికి చెప్పుకున్నాడు. ఆయన నవ్వి, "అయితే మీరింకా గట్టిగా చూస్తారు, వెళ్ళండి" అన్నాడట. ఈ సంగతి కూడా అక్కే మురిసిపోతూ చెప్పింది.

తనిఖీకి ముందురోజు సాయంత్రం ఆరింటికి ఫారినాయన ఆ భవనానికి వెళ్ళాడు. వాచ్‌మన్ దగ్గర తాళం తీసుకుని, మిద్దె మీది మెషిన్ రూములోకి దూరాడు. చేతులకి పాత అలవాటు. కంట్రోల్ పెట్టె మూత తీశాడు. తియ్యగానే కంటపడింది జానెడు ఎర్ర వైరు. ఉండకూడని చోట, రెండు బిళ్ళల మధ్య వంతెనలా బిగించి ఉంది.

లిఫ్టు పని తెలిసినవాడికి ఆ వైరు అర్థం చెప్పనక్కర్లేదు. ఏ అంతస్తులోనైనా తలుపు సరిగ్గా పడకపోతే లిఫ్టు కదలకూడదు. ఏదో తలుపుకి గడియ పట్టడం లేదు, లిఫ్టు మాటిమాటికీ ఆగిపోతోంది, బాగుచెయ్యడానికి బద్ధకించిన ఎవడో ఈ వైరు బిగించేశాడు. ఇక తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు తిరుగుతుంది. అతను ఒక్కో అంతస్తూ దిగుతూ తలుపులు లాగి చూశాడు. ఆరు, ఐదు బిగిసి ఉన్నాయి. నాలుగోది, తన ఫ్లాట్‌కి ఎదురుగా ఉన్నదే, లాగగానే వచ్చేసింది. లిఫ్టు లేదు. కింద చీకటి. చల్లటి సిమెంటు గాలి మొహానికి కొట్టింది.

తలుపు మెల్లగా వేశాడు. ఆ వైరు పీకి పారేసి, బిల్డరు చెంప పగిలేలా నాలుగు మాటలు అనాలి. మేస్త్రి నేర్పింది అదే. ఇరవై మూడేళ్ళలో పరాయివాళ్ళ భవనాల్లో కూడా ఏనాడూ ఇలాంటిది చూసి వదల్లేదు. చెయ్యి జేబులోని స్క్రూడ్రైవరు మీదికి వెళ్ళింది కూడా.

అప్పుడొచ్చింది ఆ ఆలోచన. రేపు బావ వస్తాడు. ఇది చూసి కూడా సంతకం పెడితే, లంచం తిన్నట్టు. చూడకుండా సంతకం పెడితే, పని రానట్టు. ఏదైనా సరే. సంతకం పెట్టిన మరుక్షణం తనే చెప్పేస్తాడు, అందరి ముందూ. భవనంలో ఎవరూ లేరు. ఒక్క పూట ఆగితే కొంపలేం మునుగుతాయి?

స్క్రూడ్రైవరు జేబులోనే ఉండిపోయింది.

కిందికొచ్చాక బిల్డరుకి ఫోన్ చేశాడు. "మా బావకి ఇవ్వాల్సింది ఇచ్చారా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"మీ బావగారికా? ఊరుకోండి సార్! పోయినసారి టీ తెప్పిస్తే, తాగి, ఆ టీ డబ్బులు వాచ్‌మన్ చేతిలో పెట్టి వెళ్ళారు. ఆయన్ని తప్పించి ఇంకెవరినైనా పంపించమని తిరుగుతున్నాను నేను," అన్నాడు బిల్డరు, ఏడవలేక నవ్వుతూ.

పుండు మీద కారం చల్లినట్టయింది.

మర్నాడు పదింటికి బావ వచ్చాడు, భుజాన అదే పాత సంచీతో. మేస్త్రి నేర్పిన వరసే ఇప్పటికీ. కిందినుంచి మొదలుపెట్టి పైకి, మెషిన్ రూము ఆఖర్న. గుంటలోకి దిగి చూశాడు. తాళ్ళు చూశాడు. ఒక్కొక్కటీ చూసి పుస్తకంలో రాసుకుంటున్నాడు. పక్కన బిల్డరు చెమటలు తుడుచుకుంటున్నాడు.

ఇంతలో అక్క వచ్చింది. ఆవిడ వస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు.

"కిటికీలకి పరదాలు కుట్టాలి కదరా, కొలతలు తీసుకుందామని," అంది.

"లిఫ్టు తనిఖీలో ఉందక్కా, మెట్లమీద పోదాం పద," అని తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. ఆవిడ మోకాళ్ళని తిట్టుకుంటూ నాలుగంతస్తులూ ఎక్కింది. ఎక్కుతున్నంతసేపూ అతను అనుకుంటూనే ఉన్నాడు, చెప్పెయ్యాలి, ఇప్పుడే చెప్పెయ్యాలి. కింద బావ గొంతు వినపడుతోంది, నిదానంగా, ఖాయంగా. ఆ గొంతు వింటే నోరు మళ్ళీ మూసుకుపోయింది. ఇంకో అరగంటే కదా.

ఫ్లాట్‌లో అక్క కిటికీలు కొలిచింది. చివరికి, "బాగుందిరా తమ్ముడూ. ఇక వచ్చెయ్యి. ఆ పై మంచం మీద ఎన్నాళ్ళు పడుకుంటావు?" అంది.

అతను ఉలిక్కిపడ్డాడు. పై మంచం సంగతి ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు.

"మీ బావకి తెలుసులే. నీ కంపెనీలో పనిచేసి వచ్చినాయన ఎవరో చెప్పాడట. సూపర్‌వైజరువి కాదని కూడా చెప్పాడు. 'మనకి తెలిసినట్టు వాడితో అనకు, చిన్నబుచ్చుకుంటాడు' అన్నారు. నాకే నోరాగదు."

అతను కిటికీ వైపు తిరిగిపోయాడు. అంటే ఇన్నేళ్ళూ బావ తనమీద జాలి పడుతున్నాడు. స్టేషన్‌లో పెట్టె మోసినట్టే, ఈ అబద్ధాన్నీ మోస్తున్నాడు. ఆ క్షణంలో అతను బావని ద్వేషించినంతగా ఎవరినీ ద్వేషించలేదు. ఆ ద్వేషంలో అక్క గది దాటి బయటికి వెళ్ళడం గమనించలేదు.

అప్పుడే కింద బావ నాణెం పరీక్ష మొదలుపెట్టాడు. పని నేర్చుకోవడం పూర్తయిన రోజు మేస్త్రి ఇద్దరికీ చెరొక పాత నాణెం ఇచ్చాడు. లిఫ్టు నేలమీద నాణేన్ని అంచున నిలబెట్టి పైదాకా వెళ్ళిరావాలి. పడకపోతే లిఫ్టు నడక బాగున్నట్టు. ఇతని నాణెం ఎక్కడ పోయిందో ఇతనికే తెలియదు. బావది అరిగిపోయి ఇంకా జేబులోనే ఉంది. ఆ నాణేన్ని నిలబెట్టి, బిల్డరుని పక్కన పెట్టుకుని, బావ ఆరో అంతస్తు నొక్కాడు.

నాలుగో అంతస్తులో అక్క మోకాళ్ళు నొప్పెడుతున్నాయి. లిఫ్టు వస్తున్న చప్పుడైంది. తలుపుకున్న చిన్న అద్దంలో వెలుగు కనపడింది. వచ్చేసిందనుకుంది. పిడి పట్టుకుంది.

ఆ పిడి "టక్" మన్న శబ్దం లోపల ఫారినాయన చెవిన పడింది.

"అక్కా! తియ్యకు! ఆ తలుపుకి గడియ పట్టదు!"

రెండంగల్లో వచ్చి పడ్డాడు. తలుపు అప్పటికే బార్లా తెరుచుకుంది, ఆవిడ ఒక కాలు ముందుకేసింది. మోచెయ్యి దొరకబుచ్చుకుని వెనక్కి గుంజితే ఇద్దరూ గచ్చుమీద పడ్డారు. తెరిచిన తలుపు ముందునుంచే లిఫ్టు పైకి జారిపోతోంది, ఆగకుండా. జాలీ తలుపు వెనకనుంచి బావ చూశాడు. బటన్ కొట్టాడు. లిఫ్టు కుదుపుతో ఆగింది. నాణెం పడింది, దొర్లింది, సందులోంచి జారిపోయింది. కింద గుంటలో అది మోగడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది.

లిఫ్టు అడుగునుంచి బావ గొంతు వినిపించింది.

"ముందా తలుపు వెయ్యరా. వేసి, వీపు ఆనించి నిలబడు. నేనొచ్చేదాకా కదలకు."

అతను నిలబడ్డాడు. బావ లిఫ్టులోనే పైకి వెళ్ళాడు, మెషిన్ రూము తెరిచిన చప్పుడైంది, తర్వాత మెట్లమీద అడుగులు. వచ్చేసరికి చేతిలో ఎర్ర వైరు ఉంది. దాన్ని బిల్డరుకి చూపించి, "లైసెన్సు లేదు. ఇవాళే తాళం. కేసు కూడా రాస్తున్నాను," అన్నాడు.

అక్క మెట్టుమీద కూలబడింది. తమ్ముడి చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "బామ్మర్ది బతక్కోరతాడంటారు, నా తమ్ముడు నా బతుకే నిలబెట్టాడు. అవున్రా, ఆ తలుపుకి గడియ పట్టదని నీకెలా తెలిసింది?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. బావ అతని వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. మిద్దె తాళం నిన్న ఎవరు తీసుకున్నారో వాచ్‌మన్ చెప్పే ఉంటాడు.

"ఇరవై మూడేళ్ళ అనుభవం," అన్నాడు బావ, అక్కతో. "తలుపు వాటం చూస్తే వాడికి తెలిసిపోతుంది. ఇప్పుడే కనిపెట్టుంటాడు."

పుస్తకం తెరిచాడు. గడియ లోపం అని రాశాడు. కనుగొన్నది ఎవరు అన్న చోట బామ్మర్ది పేరు రాశాడు. ఎప్పుడు అన్న చోట కలం ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆ రోజు తేదీ వేసి, పదకొండు గంటలు అని రాశాడు. పుస్తకం అతని ముందుకి చాపాడు. "సాక్షి సంతకం పెట్టు."

ఇదే కదా అతను కోరుకున్నది! బావ ప్రభుత్వ పుస్తకంలో ఒక్క అబద్ధం రాయాలని, అది తను కళ్ళారా చూడాలని. రాశాడు, తన కళ్ళముందే. తన కోసమే. సంతకం పెడితే తను ప్రాణదాత. పెట్టి, మళ్ళీ విమానమెక్కి, ఈ కథ కూడా భోజనాల దగ్గర చెప్పుకోవచ్చు.

కలం పట్టుకున్నాడు. కడుపులో మంట చివరిసారి భగ్గుమంది. పెట్టె మోసిందీ బావే, అబద్ధం మోసిందీ బావే, ఇప్పుడీ పాపం మొయ్యడమూ బావేనా? ఆ గొప్పతనం ఇంకొక్కసారి బావకి దక్కడం అతను భరించలేకపోయాడు. నిజం చెప్పాలన్న పుణ్యబుద్ధితో కాదు, ఒట్టి అసూయతోనే ఆ గంటలూ తేదీ కొట్టేశాడు. పైన రాశాడు: నిన్న సాయంత్రం ఆరు గంటలు. చూశాను. చెప్పలేదు. కింద సంతకం పెట్టాడు.

అక్క చదివింది. ఒకసారి చదివి, వేలు పెట్టి మళ్ళీ చదివింది.

"ఎందుకురా?"

"బావ తప్పితే చూద్దామని."

ఆవిడ అతని చెయ్యి వదిలేసింది. తన దగ్గరున్న ఫ్లాట్ తాళంచెవులు పక్కన మెట్టుమీద పెట్టింది. మెడలోని టేపు తీసి చుట్టచుట్టి సంచీలో వేసుకుని, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగడం మొదలుపెట్టింది. పగలు ఆ టేపు మెడలోంచి తియ్యడం అతను ఎప్పుడూ చూడలేదు.

బావ పుస్తకం తీసుకుని చదివాడు. మూసి, సంచీలో పెట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒకే ఒక్క తప్పు రాశాన్రా," అన్నాడు. "దాన్నీ నిలవనిచ్చావు కాదు."

అని, భార్య ఒంటరిగా దిగుతోందని గబగబా కిందికి వెళ్ళిపోయాడు. ఆ తలుపుకి వీపు ఆనించి ఫారినాయన అలాగే నిలబడ్డాడు. తాళం వేసేవాళ్ళు వచ్చేదాకా ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని ఉండాలి.